కెమెరా లెక్కలో మన బండ్లు ఎన్ని మిగులుతున్నాయి?

(ఇంజనీరింగ్ విద్యార్థులు, మున్సిపల్ ఇంజనీర్లు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి. స్లైడ్లు పెద్దగా లేవు. ఒక చిన్న వీడియో ఉంది, అది మధ్యలో వేస్తాను.

ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఒక్కటే, ముందే చెప్పేస్తాను. ట్రాఫిక్ కెమెరా వీడియోలో బండ్లని గుర్తుపట్టే పని ఎవరు మొదలుపెట్టినా మొదట అడిగేది "ఏ మోడల్ వాడాలి సార్?" అని. మోడల్ అంటే బొమ్మలు చూపించి నేర్పిన ప్రోగ్రాము. యోలో అనే మోడలా, ఇంకోటా, ఏ వెర్షను, ఎంత జీపీయూ, అంటే లెక్కలు వేగంగా చేసే చిప్పు, కావాలి. అది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో కావాలి. మొదటి ప్రశ్న, మీ జాబితాలో ఏయే బండ్లు ఉన్నాయి? రెండో ప్రశ్న, ఒక్కో రకం బండిని మీ సిస్టమ్ ఎంత వదిలేస్తోందో విడివిడిగా చూశారా? ఈ రెండూ అడగకుండా మోడల్ దగ్గరికి వెళ్ళినవాళ్ళు మన రోడ్డుని కాకుండా వేరే ఎవరిదో రోడ్డుని లెక్కపెడతారు. ఎందుకో చెబుతాను.

అసలు బండ్లు ఎందుకు లెక్కపెట్టాలి? సిగ్నల్ దగ్గర పచ్చలైటు ఎన్ని సెకన్లు ఉండాలి, రోడ్డు నాలుగు లేన్లు చాలా ఆరు కావాలా, ఫ్లైఓవర్ ఎక్కడ దిగాలి, తారు ఎంత మందం వేయాలి, ఇవన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి. ఇక్కడ మున్సిపల్ ఇంజనీర్లు ఉన్నారు, వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. విద్యార్థుల కోసం చెబుతున్నాను. లెక్కలో తప్పు కాగితం మీద ఆగదు, రోడ్డులోకి వెళ్ళిపోతుంది. ఒకసారి కట్టాక ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది.

ఇదివరకు ఎలా లెక్కపెట్టేవాళ్ళు? ఇప్పటికీ చాలాచోట్ల అలాగే లెక్కపెడుతున్నారు. రోడ్డు పక్కన చెట్టు కింద కుర్చీ వేసుకుని, అట్ట మీద ఫారం పెట్టుకుని, నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డగీత, అలా గీస్తూ కూర్చునే కుర్రాళ్ళని మీరు చూసే ఉంటారు. రోడ్లకి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతి ప్రకారం ఊళ్ళ బయటి రోడ్ల మీద ఈ సెన్సస్ ఏడాదికి రెండుసార్లు చేయాలి, ఒక్కోసారి వరసగా 7 రోజులు, 24 గంటలూ. ఆలోచించండి, తెల్లవారుజామున మూడింటికి ఆ కుర్చీలో ఉన్న మనిషికి కునుకు పట్టదా? పడుతుంది. కానీ ఆ కుర్రాడికి ఉన్నది ఒకటి ఏ మోడల్‌కీ ఇంకా పూర్తిగా రాలేదు. గడ్డి లోడుతో పోతున్న ట్రాక్టర్‌ని వెనక నుంచి చూసినా అది ట్రాక్టరే అని అతనికి తెలుసు. చక్రాలు కనబడవు, ఇంజను కనబడదు, డ్రైవరు కనబడడు, రోడ్డంత వెడల్పున గడ్డి ఒక్కటే కదులుతూ ఉంటుంది. అతను నిమిషం తడుముకోకుండా ట్రాక్టర్ కాలమ్‌లో గీత గీస్తాడు. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

మధ్యలో యంత్రాలు వచ్చాయి. రోడ్డు మీద అడ్డంగా రబ్బరు గొట్టాలు పరిచి, వాటి మీదుగా యాక్సిల్ వెళ్ళినప్పుడల్లా గాలి ఒత్తిడితో లెక్కపెట్టడం ఒకటి. రోడ్డులో తీగ చుట్ట పాతిపెట్టి పైన లోహం వస్తే కనిపెట్టడం ఇంకొకటి. రెండూ బాగా పనిచేస్తాయి, ఎక్కడ? ఒక లేన్‌లో ఒక బండి వెనక ఒక బండి వెళ్ళేచోట. మన దగ్గర ఒక లేన్‌లో ఒక ఆటో, దాని పక్కన రెండు బైకులు, ఆ సందులోంచి ముక్కు దూర్చిన ఇంకో స్కూటీ. కింద తీగకి అదంతా కలిసి ఒక్కటే. అందుకే మనకి కెమెరా కావాల్సి వచ్చింది. సోకు కోసం కాదు, మన ట్రాఫిక్‌ని విడదీసి చూడాలంటే పై నుంచి చూడక తప్పదు.

సరే, కెమెరా పెట్టాం. వీడియోలో బండి ఎక్కడుందో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది?

పాత పద్ధతి కదలికని పట్టుకోవడం. రోడ్డు ఎప్పుడూ అక్కడే ఉంటుంది, కదిలేది బండి, కాబట్టి మారని భాగాన్ని తీసేస్తే మిగిలింది బండి. 1999లో ఎంఐటీలో స్టాఫర్, గ్రిమ్‌సన్ అనే ఇద్దరు దీన్ని గట్టి లెక్కగా మలిచారు. ఒక్కో పిక్సెల్ మామూలుగా ఏయే రంగుల్లో ఉంటుందో కొన్ని గాసియన్‌లతో, అంటే గంట ఆకారపు గణాంక వక్రాలతో, గుర్తుపెట్టుకుని, ఎండ మారుతుంటే దాంతోపాటు తనూ నెమ్మదిగా మారుతూ, కొత్తగా వచ్చినదాన్ని వేరుచేసే పద్ధతి. ఓపెన్‌సీవీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటికీ దాని వారసులు ఉన్నారు. మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. విద్యార్థులూ, మీరు తప్పకుండా ఒకసారి నడిపి చూడండి, పిక్సెల్ స్థాయిలో ఏం జరుగుతుందో కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది.

కానీ దాన్ని మన సిగ్నల్ దగ్గర పెడితే ఏమవుతుంది? ఎర్రలైటు పడింది, బస్సు ఆగింది. ఆ బస్సు కదలకుండా ఉండేసరికి కాసేపటికి సిస్టమ్ దృష్టిలో బస్సు కూడా రోడ్డయిపోతుంది. పచ్చలైటు పడి బస్సు కదలగానే, బస్సు ఉన్నచోట ఖాళీ రోడ్డు కొత్త వస్తువులా కనబడుతుంది! లేని బండి ఒకటి లెక్కలోకి వస్తుంది. సాయంత్రం నీడలు సాగి రెండు బండ్లని కలిపేస్తాయి. గాలికి స్తంభం ఊగితే రోడ్డంతా బండే. పైగా, ఇక్కడ ఏదో కదిలింది అని తెలుస్తుంది కానీ అదేమిటో తెలియదు, ఆకారం పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి ఊహించుకోవాలి. దగ్గరి ఆటో, దూరపు లారీ ఒకే సైజులో ఉంటే?

తర్వాత 2012 నుంచి డీప్ లెర్నింగ్ వచ్చింది, అంటే బోలెడన్ని బొమ్మలు చూపించి మోడల్‌కే నేర్పడం. 2015కి బొమ్మలో వస్తువుల్ని వెతికే ఫాస్టర్ ఆర్‌సీఎన్ఎన్, దాదాపు అప్పుడే యోలో. ఈ కథ మీకు తెలిసిందే, వేగంగా వెళ్ళిపోతాను. ఒక్క యోలో మొదటి వెర్షన్ దగ్గర మాత్రం ఆగుతాను, ఎందుకంటే అది బొమ్మని ఎలా చూస్తుందో తెలిస్తే మన బండ్లు ఎందుకు మాయమవుతాయో కొంత అర్థమవుతుంది.

అది బొమ్మని 448 బై 448 పిక్సెళ్ళకి కుదించి, 7 బై 7 గళ్ళుగా చేసేది. అంటే 49 గళ్ళు, ఒక్కో గడి 64 పిక్సెళ్ళు. ఏ బండి మధ్యబిందువు ఏ గడిలో పడితే ఆ బండి బాధ్యత ఆ గడిది. ఒక్కో గడి బండి చుట్టూ గీసే బాక్సులు రెండు చెప్పగలదు, కానీ రకం మాత్రం ఒక్కటే చెప్పగలదు. ఇప్పుడు మన చౌరస్తా ఊహించుకోండి. సిగ్నల్ గీత దగ్గర గుంపుగా నిలబడిన టూవీలర్లు, దూరంగా ఉన్నవైతే ఒక్కో గడిలో నాలుగైదు పడతాయి. ఎన్ని చెప్పగలదు? గుంపులో ఉన్న చిన్న వస్తువుల దగ్గర ఇది తడబడుతుందని దాన్ని తయారుచేసినవాళ్ళే తమ పేపర్లో రాశారు. తర్వాతి వెర్షన్లలో ఇది చాలా మెరుగుపడింది, వేర్వేరు సైజుల్లో చూడటం వచ్చింది, నేను కాదనడం లేదు. కానీ బలహీనత ఏ వైపు ఉందో గమనించారా? పెద్ద బండి వైపు లేదు, చిన్న బండి వైపు ఉంది.

ఇంకొకటి. మోడల్ ఒకే బండి మీద అయిదారు బాక్సులు వేస్తుంది. వాటిలో గట్టిదాన్ని ఉంచి, దాని మీద బాగా పడి ఉన్న మిగతావాటిని కొట్టేయాలి. దీన్ని నాన్ మాక్సిమమ్ సప్రెషన్ అంటారు, ఎన్‌ఎంఎస్. ఎంత మేరకు ఒకదాని మీద ఒకటి పడితే కొట్టేయాలి అనేదానికి ఒక హద్దు పెడతాం, సాధారణంగా సగం దగ్గర. కార్లు వరసలో వెళ్ళే రోడ్డులో ఇది చక్కగా పనిచేస్తుంది. మన దగ్గర ఒక బైకు వెనకే ఆనుకుని ఇంకో బైకు ఉంటుంది, ముందు నుంచి చూసే కెమెరాకి వాటి బాక్సులు సగానికి పైగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఎన్‌ఎంఎస్ ఏం చేస్తుంది? రెండో బైకు కూడా మొదటిదాని నకలే అనుకుని కొట్టేస్తుంది. మోడల్ ఆ బైకుని చూసింది! చూశాక మనం రాసిన రూలే దాన్ని తీసేసింది. హద్దు పెంచితే ఒకే బస్సుని రెండు బస్సులుగా లెక్కపెడుతుంది. అందుకని ఒక్కో రకానికి ఒక్కో హద్దు పెట్టుకోండి, బస్సుకి ఒకటి, టూవీలర్‌కి ఒకటి. అయిదు నిమిషాల పని, చాలామంది చేయరు.

ఆ వీడియో వేస్తారా ఇప్పుడు? లైట్లు కొంచెం తగ్గించండి. ఇది ఒక చౌరస్తా వీడియో, మొహాలూ నెంబర్ ప్లేట్లూ ముందే మసక చేశాం. దీని మీద నడుస్తున్న మోడల్ కోకో డేటాసెట్, అంటే పేర్లు రాసిపెట్టిన బొమ్మల పెద్ద సేకరణ, దాని మీద ట్రైన్ అయినది, ఇంటర్నెట్‌లో డౌన్‌లోడ్ చేసుకుంటే మీకు మామూలుగా దొరికేది అదే. ఎడమవైపు నుంచి వస్తున్న ఆ పసుపు ఆటోని చూస్తూ ఉండండి. దాని మీద ఏం రాసుంది? కార్. ఆపండి. ఇంకొంచెం ముందుకి. ఇప్పుడు? ట్రక్. ఇంకొంచెం. మళ్ళీ కార్. ఇప్పుడు పక్కకి తిరిగింది, డ్రైవరు కాలు, ముందు చక్రం కనబడుతున్నాయి, మోటార్‌సైకిల్ అంటోంది. ఒకే ఆటో, ఒకే మలుపు.

ఎందుకిలా? తప్పు మోడల్‌ది కాదు. కోకో 2014లో వచ్చింది, అందులో 80 రకాల వస్తువులున్నాయి. సైకిలు, కారు, మోటార్‌సైకిలు, విమానం, బస్సు, రైలు, ట్రక్కు, పడవ ఉన్నాయి. ఆటో లేదు. ఆ పేరే దానికి ఎవరూ నేర్పలేదు. నేర్పనిదాన్ని అది ఎలా చెబుతుంది? ఉన్న పేర్లలో దగ్గరగా అనిపించినదాన్ని పెడుతుంది. ఆటో లేదంటే షేర్ ఆటో లేదు, ట్రాలీ ఆటో లేదు, ట్రాక్టర్ లేదు, ఎడ్లబండి లేదు, తోపుడు బండి లేదు. టాటా ఏస్, డీసీఎం, టిప్పర్ అన్నీ ట్రక్కే. చాలు, వీడియో ఆపేయండి, లైట్లు వేయండి.

అయితే ట్రాఫిక్ కోసమే చేసిన డేటాసెట్లు లేవా అంటే, ఉన్నాయి. చైనాలో బీజింగ్, తియాన్‌జిన్‌లలో 24 చోట్ల, మొత్తం 10 గంటల వీడియో తీసి చేసిన యూఏ-డెట్రాక్ చాలా పేరున్నది. దాని జాబితా ఏమిటో తెలుసా? కారు, వ్యాను, బస్సు, ఇతరాలు. నాలుగే. వాళ్ళ అవసరానికి అది సరిపోయి ఉండొచ్చు. మన దేశంలో రిజిస్టరైన బండ్లలో నాలుగింట మూడొంతుల దాకా టూవీలర్లే. టూవీలర్ అనే పేరే లేని జాబితాతో మన రోడ్డుని కొలుస్తామా?

మన దగ్గర కూడా మంచి పని జరిగింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ కలిసి ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ చేశారు, ఐడీడీ అంటారు. హైదరాబాద్, బెంగళూరు, ఆ చుట్టుపక్కల రోడ్ల మీద కారు నడుపుతూ తీసిన 10 వేల బొమ్మలు, 34 రకాలు. ఆటోకి అందులో సొంత పేరుంది, జంతువులకి ఉంది. నాకు బాగా నచ్చినది ఇంకొకటి, ఏ పేరుకీ ఒదగని బండ్ల కోసం వాళ్ళు విడిగా ఒక గది పెట్టారు. ఇది బండే, కానీ మాకు తెలిసిన రకం కాదు అని ఒప్పుకునే గది. అలాంటి గది లేకపోతే తెలియని ప్రతి బండీ తెలిసిన ఏదో ఒక బండిలో కలిసిపోతుంది, కలిసిపోయినట్టు కూడా మీకు తెలియదు. కాకపోతే ఐడీడీ కారు ముందు కెమెరా నుంచి తీసినది. మన ట్రాఫిక్ కెమెరా స్తంభం మీద నుంచి కిందికి చూస్తుంది. పై నుంచి చూస్తే ఆటో అంటే ఒక టాపు, బైకు అంటే ఒక హెల్మెటూ రెండు భుజాలూ. ఆ డేటాతో మొదలుపెట్టొచ్చు, దాంతోనే ఆగకూడదు.

2025లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్ళు ఆ నగరపు సీసీటీవీ కెమెరాల నుంచే తీసిన 26 వేలకి పైగా బొమ్మలు విడుదల చేశారు, 14 రకాలు, వందలమంది కాలేజీ విద్యార్థులు లేబుల్ చేశారు, అంటే ఒక్కో బండి చుట్టూ బాక్సు గీసి పేరు రాశారు. చాలా పెద్ద పని, మీరందరూ చూడాలి. దాంట్లో కార్లనే హ్యాచ్‌బ్యాక్, సెడాన్, ఎస్‌యూవీ, ఎంయూవీ అని నాలుగుగా విడదీశారు, మూడు చక్రాల బండ్లన్నీ ఒకటే. నగరం మధ్యలో అది ఉపయోగమే. కానీ గుంటూరు మిర్చి యార్డు దారికో, వరంగల్ ఎనుమాముల మార్కెట్ దారికో మీరు కెమెరా పెడుతున్నారనుకోండి. కారు సెడానా ఎస్‌యూవీనా అనేది మీకు అక్కర్లేదు. మనుషులు ఎక్కిన ఆటోనా, బస్తాలు ఎక్కిన ట్రాలీ ఆటోనా అనేది కావాలి. అందుకే అంటున్నాను, జాబితా ఎవరిదో తెచ్చుకునేది కాదు. ఆ రోడ్డు పక్కన ఒక రోజంతా నిలబడి రాసుకునేది.

*ఒక లెక్క చేద్దాం*

పెన్నూ కాగితం తీయండి. రోడ్డు మీద వేర్వేరు బండ్లని ఒకే కొలతలోకి తేవడానికి ప్యాసింజర్ కార్ యూనిట్ వాడతాం, పీసీయూ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఊళ్ళ బయటి రోడ్లకి ఇచ్చిన అంకెలు చెబుతాను. కారు 1. టూవీలర్ అర. బస్సు, లారీ 3. ట్రాలీ తగిలించిన ట్రాక్టర్ నాలుగున్నర. ఎడ్లబండి 8. అవును, ఎనిమిదే. నెమ్మదిగా వెళుతుంది, వెనకవాళ్ళని ఆపుతుంది, రోడ్డు మీద అది తీసుకునే చోటు అంత.

ఇప్పుడు ఊహకి ఒక గంటలో 200 బండ్లు వెళ్ళాయనుకోండి. 120 టూవీలర్లు, 50 కార్లు, 20 బస్సులూ లారీలూ, 10 ట్రాలీ ట్రాక్టర్లు. పీసీయూలో ఎంత? టూవీలర్లు 60, కార్లు 50, బస్సులూ లారీలూ 60, ట్రాక్టర్లు 45. మొత్తం 215. మీ సిస్టమ్ 190 బండ్లని తు.చ. తప్పకుండా పట్టింది, ఆ పది ట్రాక్టర్లనీ గడ్డి లోడు వల్ల అసలు చూడలేదు. రిపోర్టులో ఏం రాస్తారు? 95 శాతం కచ్చితత్వం. ఎవరైనా భుజం తడతారు. కానీ రోడ్డు మీద ఉన్న భారం 215, మీరు చూపించినది 170. అయిదో వంతు పోయింది. 95 శాతం అని రాసిన కాగితం మీదే, రోడ్డులో అయిదో వంతు గల్లంతు. ఇందులో అబద్ధం ఎక్కడుంది? ఎక్కడా లేదు. అందుకే అది ప్రమాదం.

ఇంకో రకం కూడా ఉంది. ముప్పై బైకుల్ని వదిలేసింది, ముప్పై ఆటోల్ని రెండేసిసార్లు లెక్కపెట్టింది. మొత్తం సరిగ్గా సరిపోతుంది! మొత్తాన్ని చూసి సంతకం పెట్టొద్దు. ఏ రకాన్ని ఏ రకంగా పొరబడిందో చూపే పట్టిక, కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్, అది లేని రిపోర్టుని వెనక్కి పంపండి. మున్సిపల్ ఇంజనీర్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను, టెండర్ కాగితంలోనే రాయండి, రకం వారీగా, పగలూ రాత్రీ విడిగా కావాలని.

రోడ్డు మందం సంగతికొస్తే ఇంకా సున్నితం. 1958 నుంచి 60 దాకా అమెరికాలో ఇల్లినాయిలో ఆషో రోడ్ టెస్ట్ అని పెద్ద ప్రయోగం చేశారు, ట్రక్కుల్ని అదేపనిగా తిప్పి రోడ్డు ఎలా పాడవుతుందో చూశారు. అక్కడ తేలినది, యాక్సిల్ మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి జరిగే నష్టం దాదాపు 16 రెట్లు. కాబట్టి మన మందం లెక్కలో కార్లూ బైకులూ రావు, బరువు బండ్లే వస్తాయి. రెండు యాక్సిళ్ళ లారీనా మూడు యాక్సిళ్ళ టిప్పరా అనేది అక్కడ చాలా ముఖ్యం. నడినెత్తి మీద పెట్టిన కెమెరాకి యాక్సిళ్ళు కనబడతాయా? కనబడవు. పక్క నుంచి చూస్తే కనబడతాయి, కానీ అప్పుడు బస్సు వెనక పోతున్న బైకులు కనబడవు. ఒక్క కెమెరాతో రెండూ కావాలంటే కుదరదు. బరువు అసలే తెలియదు, ఖాళీ టిప్పరూ ఇసక టిప్పరూ వీడియోలో ఒకేలా ఉంటాయి, దానికి తూచే యంత్రం పెట్టాల్సిందే. కెమెరా ఏం చెప్పలేదో కూడా రిపోర్టులో రాయాలి.

*గీత దాటించడం*

గుర్తుపట్టడం అయింది, ఇక లెక్కపెట్టడం. ఒక బండి తెర మీద వందల ఫ్రేముల్లో కనబడుతుంది, తెర మీద ఒక ఊహాగీత పెట్టుకుని, అది దాటినప్పుడు దాన్ని ఒక్కసారే లెక్కపెట్టాలి. దానికి ట్రాకింగ్ కావాలి, ఈ ఫ్రేములో ఉన్న బండీ తర్వాతి ఫ్రేములో ఉన్న బండీ ఒకటేనని తేల్చాలి. 2016లో వచ్చిన సార్ట్ పద్ధతి దీన్ని చాలా తేలిగ్గా చేస్తుంది, బండి తర్వాత ఎక్కడ ఉండొచ్చో కాల్మన్ ఫిల్టర్‌తో అంచనా వేసి, ఆ అంచనా బాక్సుకీ కొత్త బాక్సుకీ ఎంత మేర కలుస్తుందో చూసి జత చేస్తుంది.

ఇక్కడ ఒక పొదుపు మన కొంప ముంచుతుంది. ఖర్చు తగ్గుతుందని 25 ఫ్రేముల వీడియోలో సెకనుకి 5 ఫ్రేములే చూస్తారు. గంటకి 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి దాదాపు 16.7 మీటర్లు. 25 ఫ్రేములైతే ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య బండి 67 సెంటీమీటర్లు జరుగుతుంది. 5 ఫ్రేములైతే 3.3 మీటర్లు. పక్క నుంచి చూసే కెమెరా అనుకోండి. బస్సు 10 మీటర్లకి పైనే ఉంటుంది, 3.3 మీటర్లు జరిగినా పాత బాక్సూ కొత్త బాక్సూ చాలా మేర కలుస్తాయి, అదే బస్సని తెలిసిపోతుంది. బైకు పొడవు ఎంత? రెండు మీటర్లు. పాత బాక్సు దాటి పూర్తిగా బయటికి వెళ్ళిపోయింది, కలిసేది సున్నా. కొత్తగా తెరలోకి వచ్చిన బైకు వేగం ఫిల్టర్‌కి ఇంకా తెలియదు కాబట్టి అంచనా కూడా ఆదుకోదు. ట్రాక్ తెగుతుంది. తెగిన ట్రాక్ గీత దాటినట్టు నమోదవదు. చూడండి, ఇక్కడా దెబ్బ తగిలింది చిన్న బండికే. గళ్ళ దగ్గర చిన్న బండి, ఎన్‌ఎంఎస్ దగ్గర చిన్న బండి, ఫ్రేముల దగ్గర చిన్న బండి. ఒక్కోచోట కొంచెమే, అన్నీ ఒకే వైపు లాగుతాయి, అందుకే అవి ఒకదాన్నొకటి సరిచేసుకోవు.

ఈ మధ్య పద్ధతుల్లో బైట్‌ట్రాక్‌ని చూడమంటాను. బస్సు చాటుకి సగం వెళ్ళిన బైకుకి మోడల్ తక్కువ మార్కులిస్తుంది, మామూలుగా ఆ బాక్సుని పారేస్తాం. బైట్‌ట్రాక్ పారేయదు, ఆల్రెడీ నడుస్తున్న ట్రాక్‌లతో అది కలుస్తుందేమో చూస్తుంది. మన రోడ్లకి ఇది బాగా పనికొచ్చే ఆలోచన. రకం కూడా ఫ్రేము ఫ్రేముకీ నమ్మొద్దు, ఇందాక ఆటోని చూశారుగా, ట్రాక్ మొత్తం మీద ఎక్కువ ఓట్లు దేనికి వచ్చాయో దాన్నే తీసుకోండి. గీత దాటిందా లేదా అన్నది బాక్సు మధ్యబిందువుతో కాకుండా కింది అంచు మధ్యబిందువుతో చూడండి. బండి నేలని తాకేది అక్కడే, ఎత్తయిన బస్సు మధ్యబిందువు తెర మీద రోడ్డులో ఇంకెక్కడో ఉన్నట్టు చూపిస్తుంది.

లేబులింగ్ గురించి రెండు మాటలు. ఇది తక్కువ పని అనుకుని చివరికి వదిలేస్తారు, నా దృష్టిలో అసలు ఇంజనీరింగ్ అక్కడే ఉంది. ట్రాక్టరూ ట్రాలీ ఒక బాక్సా రెండు బాక్సులా? కొత్త బైకుల్ని మోసుకెళుతున్న కంటైనర్ లారీ తలుపు తీసి ఉంటే లోపలి బైకులు లెక్కా? బస్సు వెనక అద్దం మీద కారు ప్రకటన ఉంటుంది, మోడల్ దాన్ని కారంటుంది, ఏం చేయాలి? బైకు మీద ఇద్దరుంటే బాక్సులో మనుషులు కలుస్తారా? ఇద్దరు లేబుల్ చేస్తే ఇద్దరూ రెండు రకాలుగా చేస్తారు. ముందే రూల్స్ రాయండి, బొమ్మలతో సహా. ఒకే క్లిప్పుని ఇద్దరికీ విడివిడిగా ఇవ్వండి, తేడా ఎక్కడ వచ్చిందో కూర్చుని మాట్లాడండి. ఆ కూర్చున్న గంటలో మీ రోడ్డు గురించి మీకు తెలిసేది ఏ పేపర్లోనూ దొరకదు.

కాలం కూడా చూసుకోవాలి. ఆగస్టు వీడియోతో ట్రైన్ చేసి ఫిబ్రవరిలో మిర్చి యార్డు దగ్గర నడిపితే ఆ బస్తాల ఎత్తు ఆ మోడల్ చూసి ఉండదు. కోతలప్పుడు వరికోత మిషన్లు రోడ్డెక్కుతాయి. వాన రాత్రి తడి రోడ్డు మీద ఒక్కో హెడ్‌లైటు రెండుగా కనబడుతుంది. అన్ని కాలాలూ ముందే దొరకవు, నిజమే, కాబట్టి ఏ నెలలో ఏ గంటలో తీసిన వీడియోతో పరీక్షించారో రాసిపెట్టండి.

ఈ కెమెరాలతోనే చలాన్లు కూడా వేయొచ్చా అని ఎవరో అడిగారు కదా మొదట్లో. ఆ అమ్మాయేనా? లెక్కపెట్టడం వేరు, చలాను వేయడం వేరమ్మా. లెక్కలో నూటికి మూడు తప్పులు వచ్చినా రోడ్డు డిజైన్ నిలబడుతుంది. చలానులో ఒక్క తప్పు ఒక మనిషి ఇంటికి వెళుతుంది. 2021లో కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 167ఏ అని కొత్త రూల్ తెచ్చారు, చలాన్ల కోసం పెట్టే పరికరాలకి అనుమతి పత్రం ఉండాలి, కెమెరా ఉందని జనానికి తెలిసేలా బోర్డు పెట్టాలి. బండ్లు లెక్కపెట్టే సిస్టమ్‌ని తర్వాత చలాన్లకి కూడా వాడేద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లెక్కకి నెంబర్ ప్లేటు అక్కర్లేదు, మొహం అక్కర్లేదు. కెమెరా దగ్గరే చిన్న కంప్యూటర్ పెట్టి, అంకెలు మాత్రం బయటికి పంపి, వీడియో చెరిపేయొచ్చు. యోలో మొదటి రచయిత జోసెఫ్ రెడ్మన్ తన పని సైన్యాలకీ నిఘాకీ వాడుతున్నారన్న బాధతో 2020లో ఈ రంగంలో పరిశోధనే మానేశానని చెప్పారు. మానేయమని నేను మీకు చెప్పను. అవసరం లేనిది దాచుకోవద్దు అంటాను.

ఇక మీ ప్రాజెక్టులకి. అనుమతి తీసుకుని ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీద నుంచి పావుగంట వీడియో తీయండి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఏడింటికి ఒకటి. ఇద్దరు కూర్చుని వీడియోని నెమ్మదిగా నడుపుతూ రకం వారీగా చేత్తో లెక్కపెట్టండి, ఒకరిది ఒకరు చూడకుండా. ఆ తర్వాతే మోడల్ నడపండి. పక్కపక్కన రెండు కాలమ్‌లు వేయండి, చేతి లెక్క, మోడల్ లెక్క, కింద ఒక్కో రకానికి తేడా, ఆ తేడాని పీసీయూలోకి మార్చి ఇంకో కాలమ్. సాయంత్రం క్లిప్పులో టూవీలర్ల వరస దగ్గర ఏం కనబడుతుందో నాకు రాసి పంపండి, దాంతోపాటు మీ జాబితా కూడా పంపండి, మొదట అదే చూస్తాను. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి. మైకు ఆ చివరి వరసకి ఇవ్వండి, ఆయన చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు.